తెరిచిన బొక్క

మాది భీమవరం పక్క పల్లె. ఉద్యోగానికని ముదిగుబ్బ వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే నాలుగెకరాల ఎర్రచేను కౌలుకు తీసుకుని చెనక్కాయ వేశాను. ఊడలు దిగి కాయ పట్టేవేళకు ఎలుకలు చెట్ల మొదళ్లు తవ్వడం మొదలుపెట్టాయి. వాటి సంగతి నాకు తెలియనిదా అనుకున్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

మా డెల్టా వరిచేలను తినేది పందికొక్కు. ఇంగ్లీషువాళ్ల ‘బాండికూట్’ ఈ తెలుగు మాట నుంచి పోయిందే. బలిసిన ఒళ్లు, పొట్టి తోక, నీళ్లలో ఈదుతుంది. గట్టులో కలుగు చేసుకుని కోతల నాటికి కంకులు కొరికి లోపల దాస్తుంది. ఆ కలుగులు తవ్వి ధాన్యం ఏరుకునేవాళ్లను చిన్నప్పుడు చూశాను. లోపల ఉన్నప్పుడు నోటిని మన్నుతో మూసేసుకుంటుంది. కొత్త మన్ను కనిపిస్తే ఉన్నట్టు, నోరు తెరుచుకుని ఉంటే వదిలిపోయినట్టు. ఇదీ నా లెక్క.

ముదిగుబ్బ చేలో అన్నీ తెరిచిన బొక్కలే. పాతవనుకుని వాటిని వదిలేశాను. నూకలు 96 పాళ్లు, నూనె 2, జింక్ ఫాస్ఫైడ్ 2 కలిపి, పొట్లాలు కట్టి గట్టు పొడవునా పెట్టాను. చుట్టుపక్కల వాళ్లకు చెప్పనైనా లేదు. తెల్లారి మేతకొచ్చిన గొర్రె ఒకటి పొట్లం తిని, కడుపుబ్బి, నా కళ్లముందే కాళ్లు కొట్టుకుంటూ చచ్చిపోయింది. గొర్రెలాయన నన్ను తిట్టలేదు. బొక్కల వైపు చూసి, “ఇవి మీ పక్క పందికొక్కులు కాదు సార్. ఇక్కడి ఎలుక వాకిలి మూసుకోదు. సాయంత్రం అన్ని బొక్కలూ మూసిపెట్టండి. పొద్దున్నే ఏది తెరిసింటే దాంట్లో ఉన్నట్టు” అన్నాడు.

ఆ రాత్రి వెన్నెల్లో గట్టున కూర్చున్నాను. చాలాసేపటికి ఒకటి బయటికొచ్చి వెనక కాళ్లమీద నిలబడింది. పెద్ద కళ్లు, ఒంటికన్నా పొడుగు తోక, దాని చివర నల్లటి కుచ్చు. నేను కాలు కదిపానో లేదో గెంతులేసుకుంటూ పోయింది. శాస్త్రంలో దాని పేరు టటేరా ఇండికా. మెట్టనేల ప్రాణి, గింజల్లో, ఆకుల్లో ఉన్న తడితోనే నెట్టుకొస్తుంది. వాన ఎగ్గొట్టే ఈ సీమకు తగ్గ ఎలుక. దాన్ని నేను ముప్పై ఏళ్లు ఇక్కడ ఉండి కూడా చూడలేదు, ఎవరినీ అడగలేదు.

గొర్రె ఖరీదు కట్టాను. కానీ ఆ చావు నా చేతులమీద జరిగిందే.

మెట్టచేలో మందు పెట్టేవాళ్లు ముందురోజు బొక్కలు మూసి చూడండి. పొట్లాన్ని బొక్క లోపలికి నెట్టి మన్ను కప్పండి. మందలవాళ్లకు ముందే చెప్పండి. గట్టుమీద మాత్రం పెట్టకండి, అక్కడ గొర్రెలు మేస్తాయి.