మూడు రంగుల బురుజు

శామీర్‌పేట పెద్దచెరువుకూ మేడ్చల్‌కూ నడుమ ఒక ఊళ్లో బురుజు ఉండేది. ఉండేదంటే, అందులో మిగిలిన ఒక వంపు గోడ. రెండు నిలువుల ఎత్తు. రాళ్లు పేర్చి, మట్టి మెత్తి, పైన సున్నం పూసిన గోడ. దోపిడీ దండులు తిరిగే కాలంలో ఊరు ఊరంతా గింజలతో, పసిపిల్లలతో దాని చాటుకు చేరేదని పెద్దలు చెప్పుకునేవారు. తెలంగాణ పల్లెల్లో ఇలాంటి బురుజులు ఎన్నో. చాలావాటికి శాసనం లేదు, పటం లేదు, కొలతలు తీసినవాళ్లూ లేరు.

అవుటర్ రింగు రోడ్డు వచ్చాక ఊరి భూముల ధరలు పెరిగాయి, బండ్లు పెరిగాయి. వీధి వెడల్పు చేద్దామన్నప్పుడల్లా ఆ గోడ అడ్డొచ్చేది. అన్నప్పుడల్లా ముసలివాళ్లు అడ్డుపడేవారు.

“గదొక్కటే మిగిలింది. అది గూడ వోతె పిల్లలకు ఏం జూపిస్తం?”

ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేకపోవడం వల్లే గోడ నిలిచింది.

ఆ ఊరి కుర్రాడొకడు నగరంలో వీడియో గేములకు కోటలు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నాడు. తమ బురుజును కంప్యూటర్లో మళ్లీ నిలబెట్టాలనుకున్నాడు. తెలిసీ తెలియకుండా దిగలేదు. లేని కట్టడాన్ని తెర మీద కట్టడానికీ నియమాలున్నాయి. 2006లో మొదలై 2009లో ఒక రూపానికొచ్చిన లండన్ చార్టర్ ఉంది. 2011లో తయారై, 2017లో ఢిల్లీలో జరిగిన, చారిత్రక కట్టడాల అంతర్జాతీయ మండలి ఐకోమోస్ మహాసభ ఆమోదం పొందిన సెవిల్ సూత్రాలున్నాయి. ఏది ఆధారంతో కట్టారో, ఏది ఊహించారో చూసేవాడికి తెలిసి తీరాలని అవి చెబుతాయి. బొమ్మ అసలుకు తోడుగా ఉండాలే కానీ బదులు కాకూడదనీ చెబుతాయి.

అందుకే అతను తన బురుజుకు మూడు రంగులు వేశాడు. నిలిచి ఉన్న గోడను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, కొలిచి కట్టిన భాగం ఆకుపచ్చ. పెద్దల జ్ఞాపకాల మీద కట్టింది పసుపు. చుట్టుపక్కల ఊళ్ల బురుజులను చూసి ఇలాగే ఉండి ఉంటుందని ఊహించింది ఎరుపు. మొత్తం చూస్తే ఆకుపచ్చ చారెడే.

“గీ రంగులెందుకురా?” అని తాత అడిగాడు.

“అమరావతి మహాచైత్యం ఇప్పుడు నిండుగ లేదు తాతా. 1816ల మెకంజీ దొర మళ్లొచ్చి గీయించిన బొమ్మలున్నయి. స్తూపాన్నే చెక్కిన పలకలు చెన్నైల, లండన్‌ల ఉన్నయి. వాటిని చూసి కట్టింది ఆధారం. వాటికి అందనిది మన ఊహ. రెండూ ఒక్క తీరుగ చూపెడితే అబద్ధమైతది.”

తాత తల ఊపాడు.

బడి ఆవరణలో పెద్ద తెర కట్టారు. కార్యక్రమం పెట్టినవాళ్లకు రంగులు నచ్చలేదు. “మచ్చలొచ్చినట్టున్నది తమ్మీ. ఒక్క రాత్రికే గద, తీసెయ్యి” అన్నారు. అతను ఎంత చెప్పినా వినలేదు. చివరికి రంగులు పోయాయి. తెర మీద తెల్లటి సున్నపు బురుజు నిండుగా లేచి నిలబడింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. పిల్లలు వరసలో నిలబడి కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని బురుజు ఎక్కారు.

చివర్లో తాత కూడా పెట్టుకున్నాడు. చాలాసేపు చూసి తీశాడు.

“మంచిగున్నది బిడ్డా. గని మెట్లు బయట లేకుండె. గోడ లోపలికెల్లి ఎక్కేది. మా నాయిన చెయ్యి వట్టుకొని ఎక్కిన. గా మొండిగోడ అడుగున మట్టి తీస్తే రెండు మెట్లు ఇప్పటికీ ఉంటయి. చూసుకో.”

కుర్రాడికి ప్రాణం లేచొచ్చింది. ఆ రెండు మెట్ల ఎత్తు, వెడల్పు, మలుపు దొరికితే పైకి వెళ్లిన దారంతా లెక్కకొస్తుంది. ఎరుపులో ఎంతో భాగం ఆకుపచ్చ వైపు జరుగుతుంది. మరుసటి ఆదివారం టేపు, తాపీ పట్టుకుని తాతతో కలిసి వెళ్లాడు.

నాగార్జునకొండ లోయ సాగర్ నీటిలో మునగకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొలిచి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించారు. అక్కడ నీళ్లకన్నా ముందు టేపు చేరింది. ఇక్కడ టేపుకన్నా ముందు జేసీబీ చేరింది.

గోడ లేదు. పునాది కూడా తవ్వేసి, కంకర పోసి, చదును చేశారు. పక్కన ఫ్లెక్సీ కట్టారు. దాని మీద కుర్రాడి తెల్లటి బురుజే ఉంది.

పని చేయిస్తున్న పెద్దమనిషి భుజం తట్టాడు. “పూరా బురుజు నీ కంప్యూటర్ల ఉన్నది గద తమ్మీ. పిల్లలకు ఏం జూపిస్తమని ఇగ ఎవ్వరు అడుగుతలేరు. అందరు సరేనన్నరు.”

కుర్రాడు అక్కడే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. మూడు రంగులూ మళ్లీ వేశాడు. ఆకుపచ్చ భాగం మీద వేలు పెట్టి, గొంతు పెగుల్చుకుని అన్నాడు: “గోడ పోయినా, ఇది మాత్రం అంగుళం తేడా లేదు తాతా.”

“మెట్లున్నయా అండ్ల?”

“లేవు. మట్టి కింద ఉండె గద.”

“రేపు ఎవడన్న వచ్చి, గీ గోడ గిట్లనే ఉండెనా అని అడిగితే ఏడికి తోల్కవోయి చూపెడ్తవ్?”

కుర్రాడు మాట్లాడలేదు.

“అయితే దానికి గూడ ఎర్ర రంగెయ్యి, బిడ్డా.”