ఓకే నొక్కేటోడు లేడు

మా రోజులల్ల ప్రోగ్రాం అంటె కండ్ల ముంగట ఉండేది. 1999ల కోరుట్లల నాకొక చిన్న కంప్యూటర్ దుకాణం ఉండె. జగిత్యాల, సిరిసిల్ల అన్నీ గప్పుడు కరీంనగర్ జిల్లానే. సిరిసిల్లల ఒక సేటుకు విజువల్ బేసిక్ 6ల నూలు లెక్కల ప్రోగ్రాం రాసిచ్చిన. గంటకోసారి లెక్కల ఫైల్ ఇంకో చోట కాపీ కావాలె. టైమర్ పెడ్దామంటె దానికొక ఫారం, అంటె కిటికీ, ఉండాలె, ఫారం లేనిది టైమర్‌కు జాగనే లేదు. ఆ ఫారం కనవడితె గుమస్తా ఊకుంటడా? ఇంటూ మార్క్ నొక్కి మూసేస్తుండె. ఇగ దాన్ని దాచిపెట్టిన.

ఇంకో తిప్పల. ఆ టైమర్‌ల 65,535 మిల్లీసెకన్లకు మించి పట్టది, పదహారు బిట్లల ఇమిడే పెద్ద అంకె అదే. అంటె నిమిషం మీద అయిదున్నర సెకన్లు. గంట కావాల్నంటె నిమిషానికోసారి లేపి, అరవై దాక లెక్కవెట్టి, గప్పుడు పని చెప్పాలె. గడియారం పక్కపొంటి చిన్న బొమ్మ కూడ పెట్టిన. సేటు ఇంటికి పోయేముందు దాని మీద మౌస్ పెడితె ఆఖరి కాపీ ఎన్నిగంటలకు అయిందో కనవడేది.

ఇసొంటి పనికి ఇప్పటి పోరలు సర్వీస్ అంటరు. కిటికీ లేదు, ఎవలూ లాగిన్ గాకున్నా మిషన్ లేవంగనే లేస్తది. మంచిదే, కాదనను. కాని మొన్న జగిత్యాలల ఒక దుకాణంల పదిహేను దినాల సంది బ్యాకప్ లేదు. సర్వీసుల పట్టీల చూస్తె 'రన్నింగ్' అనే ఉన్నది! సంగతేందంటె, గుమస్తా పాటలు నింపుకుందామని బ్యాకప్ పోయే పెన్‌డ్రైవ్ పీకి ఇంటికి తీస్కపోయి, తెల్లారి తెచ్చి పెట్టిండు. నడిమిట్ల కాపీ కాలేదని ప్రోగ్రాం ఒక మెసేజ్ బాక్స్ తెరిచింది. 2007ల విస్టా వచ్చినకాంచి విండోస్ సర్వీసులను సెషన్ జీరో అని మనకు కనవడని అర్రల పెడుతది. ఆ చీకటి అర్రల ఓకే కోసం పదిహేను దినాలు ఎదురుచూసింది పాపం.

సిరిసిల్లల సాంచెలు, అంటె మరమగ్గాలు, నడిపేటాయనకు ఒక్క సాంచ ఆగితె చాలు, చప్పుడు మారుతది, మల్లి చూడకుంటనే ఎరుకైతది. సర్వీసుకు చప్పుడేది? యూనిక్స్‌ల టైంకు పనులు నడిపే క్రాన్ 1970ల కాలం నాటిది. దానికీ కిటికీ లేదు, కాని పని ఏమన్న చెప్పిందంటె ఓనర్‌కు మెయిల్ వేస్తది.

పోరగాండ్లారా, దాచుర్రి. కాని సర్వీసుల మెసేజ్ బాక్స్ పెట్టకుర్రి. పని అయినప్పుడల్లా, కానప్పుడల్లా తారీఖు, టైం ఒక ఫైల్ల రాయించుర్రి. ఆ ఫైల్ రోజూ ఎవలు చూడాల్నో కూడ సేటుకు చెప్పిపోర్రి.