మెడలో ట్యాగు

మా ముదిగుబ్బలో శెనక్కాయ చేను ఎండిందంటే కుర్రాళ్లంతా బెంగుళూరు దారి పడతారు. నేనూ అలా పోయినవాణ్ణే. కాకపోతే అందరూ కూలికి పోయారు, నేను 'కంపెనీ ఉద్యోగానికి' పోయాను. ఊళ్లో అలాగే చెప్పుకున్నా. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డునని, అదీ కాంట్రాక్టరు మనిషినని చెప్పడానికి నోరు రావద్దూ!

కంపెనీ పేరున్న ట్యాగును స్నానానికి తప్ప మెడలోంచి తీసి ఎరగను. ధర్మవరంలో రైలు దిగేటప్పుడైతే చొక్కా మీదికి లాగి మరీ సర్దుకునేవాణ్ణి.

మా బామ్మర్ది అదే బెంగుళూరులో బేల్దారి. పని దొరికిన నెలలో నాకంటే ఎక్కువే తెచ్చేవాడు. "ఎంత తెస్తే ఏంరా, నీకు పీఎఫ్ ఉందా?" అని నోరు మూయించేవాణ్ణి. నాకు పదిహేను వేల మీద నూటికి 12 చొప్పున నెలనెలా 1,800 కోత. జీతంలో కోత పడిందని మీసం తిప్పినవాడు లోకంలో నేనొక్కణ్ణేనా? మీరూ తిప్పే ఉంటారు, దాచకండి.

ఒక ఉగాదికి బస్టాండు టీకొట్లో పదిమంది చేరారు. "పీఎఫ్ ఎంత పోగైంది బావా?" అన్నాడు బామ్మర్ది. అడగడమే ఆలస్యం, ఫోను తీశా, యాప్ తెరిచా, పాస్‌బుక్ నొక్కా, స్క్రీను అందరి వైపూ తిప్పా. మొదట్లో నాలుగు గీతలు, ఆ తర్వాత బోడిగుండు! జీతంలో కోసినవాడు కట్టడం మానేశాడు. సిగ్నల్ లేదన్నా. బామ్మర్ది ఫోన్లో సిగ్నల్ నిండుగా ఉంది.

మన దేశంలో పనిచేసేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఏ భద్రతా లేనివాళ్లేనని 2007లో అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ తేల్చింది. పెద్ద కంపెనీల గేటు లోపల ఉండీ ఏ రక్షణా లేనివాళ్లను కూడా ఆ లెక్కలోనే కలిపింది. మిగతా పదిమందిలో నేనొకణ్ణని ఇన్నాళ్లూ బామ్మర్ది మీద జాలిపడ్డా.

కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలని చట్టం ఉంది. ఫిర్యాదు చెయ్యొచ్చు. చేస్తే నేను కాంట్రాక్టు మనిషినని ఊరికి తెలిసిపోదూ? ఆ ఒక్క భయానికి నెలలు నెలలు ఊరుకున్నా. ఊరికి మొదటినుంచీ తెలుసట!

ఆ రోజు టీ డబ్బులిచ్చేటప్పుడు బామ్మర్ది పర్సులోంచి ఒక కార్డు జారింది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుది. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించి 1996 నాటి చట్టం కింద తీసుకున్నాడట. "నువ్వెప్పుడూ అడగలేదు కదా బావా" అన్నాడు.