చేతులు మారే డబ్బా

బరంపురంలో అప్పడాల డబ్బాగా పుట్టినదానికి పెద్ద ఆశలేమీ ఉండవు. అప్పడాలు అయిపోతే పోపుగింజలు, అవీ కాకపోతే సూదీదారం. ఈ డబ్బాకు మాత్రం చిల్లర ప్రాప్తించింది.

ఉండేది ఓ ప్రార్థనామందిరం వెనకగదిలో. పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టీ ఫ్లాస్కు. ఆ గదిలో ‘నేను’ అన్న మాట తాగుడు మానాలని వచ్చినవాళ్లది. ఒక్కొక్కరే పేరు చెప్పి ‘నేను ఆల్కహాలిక్‌ని’ అంటారు. ఆ మాటను అరువు తెచ్చుకోవడం బాగుండదని, డబ్బా తన కథలో తననూ డబ్బా అనే చెప్పుకుంటుంది.

దీని పనల్లా మీటింగులో చేతులు మారడం. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏలో ఫీజు లేదు. బయటివాళ్ల చందా పుచ్చుకోరు. గది అద్దె, టీపొడి, పుస్తకాలు అన్నీ సభ్యులు వేసిన డబ్బులతోనే. చేరడానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ఇంటిపేర్లు ఎవరూ అడగరు. డబ్బాకు మొహాలకన్నా చేతులే బాగా గుర్తు.

అన్నిటికన్నా గుర్తున్నవి సూరత్ చేతులు.

గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు వలస వెళ్లినవాళ్లు లక్షల్లో ఉంటారు. వాళ్లలో ఒకాయన, బరంపురం తెలుగువీధి మనిషి, మగ్గంతోపాటు సీసానూ అలవాటు చేసుకుని తిరిగొచ్చాడు. ఒకరోజు పిల్లమీద ఒట్టేసి ఒక్కసారిగా మానేశాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగిన ఒళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే తట్టుకోలేదు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడి, మతి తప్పి, ప్రాణం మీదికీ రావచ్చు. ఆయనకు రెండోరాత్రే ఫిట్స్ వచ్చాయి. మందు మానడానికి మందులు కావాలని ఇంట్లోవాళ్లకు ఆసుపత్రిలో తెలిసింది. బి1 విటమిను, వణుకు తగ్గించే మాత్రలు, డాక్టరు పర్యవేక్షణ. అక్కడే పక్కమంచం మనిషిని చూడటానికి వచ్చిన ఒక ఏఏ పెద్దాయన ఇటు తిరిగి, ‘నాకూ ఇలాగే వణికీవి బాబూ’ అన్నాడు. నీతులు చెప్పలేదు. తన కథ చెప్పి, గది అడ్రసు రాసిచ్చి వెళ్లాడు.

ఏఏ పుట్టుకే అలాంటిది. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్‌బ్రోకరు వ్యాపారం బెడిసికొట్టి హోటల్ లాబీలో నిలబడ్డాడు. ఒకవైపు బార్, ఇంకోవైపు టెలిఫోను. తాగకుండా ఉండాలంటే మరో తాగుబోతుతో మాట్లాడాలనిపించి చర్చిలకు ఫోన్లు చేశాడు. అలా దొరికిన బాబ్ స్మిత్ అనే సర్జన్ పావుగంటే ఉంటానని వచ్చి గంటలకొద్దీ కూర్చున్నాడు. ఆ డాక్టరు ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కిస్తారు. మన దేశానికి అది 1957లో చేరింది.

బరంపురానికి మద్యంతో పేచీ అంతకన్నా పాతది. 1894లో ఈ ఊళ్లోనే పుట్టిన వి.వి.గిరి 1922లో మద్యం దుకాణాలకు వ్యతిరేకంగా నిలబడి అరెస్టయ్యాడు. తర్వాత శాసనోల్లంఘన రోజుల్లో ఆయన తల్లి సుభద్రమ్మ మద్యనిషేధం కోసం సమ్మె నడిపి తానూ అరెస్టయింది. రాష్ట్రపతి అయిన కొడుకు అందరికీ తెలుసు. ఆ తల్లిని తలుచుకునేవాళ్లే తక్కువని డబ్బాకు చిన్న కినుక.

అడ్రసు చేతికొచ్చినా సూరత్ ఆయన రెండు వారాలు గేటు దగ్గరే ఆగిపోయాడు. మూడోవారం పెద్దాయన వెళ్లి పిలుచుకొచ్చాడు. డబ్బా ఆయన చేతికొచ్చేసరికి చిల్లరంతా గలగలమంది. గదిలో ఎవరూ తలతిప్పి చూడలేదు. ‘కొత్తోళ్లు ఎయ్యక్కర్లేదు. పక్కకిచ్చీ’ అన్నాడు పెద్దాయన.

వారం వారం ఆ గలగల తగ్గింది. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర వచ్చింది. ఊరంతా జనం, సూరత్ నుంచి పాత నేస్తాలు. ఆయన కుర్చీ ఐదు వారాలు ఖాళీ. తిరిగొచ్చిన రోజు డబ్బా మళ్లీ గలగలమంది. ‘ఎక్కడికెళ్లావు’ అని ఎవరూ అడగలేదు, టీ పోశారు. తాగని రోజుల లెక్క ఆ రోజునుంచి మళ్లీ ఒకటి.

ఇదంతా కాలక్షేపం అనేవాళ్లున్నారు. 27 అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి కోక్రేన్ సంస్థ వైద్య సమీక్ష మాత్రం, ఏఏ, దానివైపు నడిపించే చికిత్స పూర్తిగా మానడంలో మిగతా పేరున్న చికిత్సలకు తీసిపోవని, చాలాసార్లు ఒక మెట్టు పైనే ఉంటాయని తేల్చింది. మీటింగులో వచ్చే దేవుడి ప్రస్తావన గిట్టక మొదటిరోజే లేచిపోయినవాళ్లనూ డబ్బా చూసింది. వాళ్లకు వేరే దారులున్నాయి. 14446 జాతీయ హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే చెబుతారు. ఎటూ పోనివాళ్లే ఎక్కువ. మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే చెప్పింది.

మొన్న మీటింగులో డబ్బా సూరత్ ఆయన చేతికొచ్చింది. చప్పుడు లేదు. పదిరూపాయల నోటు వేస్తూ కిటికీలోంచి బయటికి చూశాడు. గేటు దగ్గర ఎవరో, లోపలికి రానూ లేక, వెళ్లిపోనూ లేక, చేతులు జేబుల్లో కుక్కుకుని నిలబడ్డారు.

ఆయన డబ్బాను తన కుర్చీలో పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.