ఒక పొయ్యి పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

కట్టె పెట్టు నోరు కడప వైపుండాలె
గొట్ట మెక్కవలెను కొప్పు పైకి
రెండు కళ్ళ మీద రెండు గిన్నెలు లేక
పొగనె తినవలెనిక పొద్దు మాపు

అవతారిక

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా చాలా ఇండ్లల్ల గ్యాసు పొయ్యి లోపల, కట్టెల పొయ్యి పెరట్లో. ఆ పెరటి పొయ్యిని మళ్లీ పాత వంటింట్లోకి తెచ్చి పొగగొట్టంతో నిలబెట్టాలని ఒక ఇల్లాలు పట్టుబట్టగా, మేస్త్రి తాపీ పక్కన పెట్టి చెప్పిన పద్యం ఇది. ఛందస్సు ఆటవెలది. శార్దూలం కట్టి ఉంటే ఆ మట్టిగోడ ఆగేది కాదు. మొదటి పాదంలో ‘ఉండాలె’ అని ఇంటి భాష, రెండో పాదంలో ‘ఎక్కవలెను’ అని గ్రాంథికం. ఇది దోషమని కొందరంటారు. గొట్టంతో పాటు మేస్త్రి భాష కూడా ఎత్తుకెక్కిందని ఎంచితే దోషమే గుణం.

ప్రతిపదార్థము

కట్టె పెట్టు నోరు = కట్టె దోపే సందు; కడప వైపు = గడప దిక్కుకు; ఉండాలె = ఉండవలెను; గొట్టము = పొగ పోయే గొట్టం; కొప్పు పైకి = ఇంటి కప్పు నడినెత్తి దాటి; ఎక్కవలెను = పోవలెను; రెండు కళ్ళ మీద = పొయ్యికుండే రెండు గుంతల మీద; రెండు గిన్నెలు లేక = రెండు పాత్రలు లేకపోతే; ఇక, పొద్దు మాపు = పొద్దునా సాయంత్రమూ; పొగనె తినవలెను = అన్నానికి బదులు పొగే గతి.

‘రెండు గంజులు లేక’ అని ఎల్లారెడ్డి పాఠం. గణాలు, యతి అక్షరం పొల్లుపోకుండా అలాగే నిలుస్తాయి కాబట్టి ఏది మూలమో తేలదు. ఇంట్లో ఉన్న పాత్రను బట్టి చదువుకోవచ్చు.

వ్యాఖ్య

‘కడప వైపు’ అంటే రాయలసీమలోని కడప వైపని ఒక పూర్వవ్యాఖ్య. కామారెడ్డికి ఆ ఊరు దాదాపు నేరుగా దక్షిణాన ఉన్న మాట నిజమే. కానీ దక్షిణం యముడి దిక్కు. అటు నోరు తెరిచిన పొయ్యి మీద వండింది తినడానికి ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు? గడపే అర్థం. నిప్పుకు గాలి కావాలె, గాలి గడపలోంచి వస్తది. పొడుగు తుమ్మకట్టె బయటికి పొడుచుకొచ్చినా గోడకు తగలదు. కవి ‘ఎదురుగా’ అనలేదు, ‘వైపు’ అన్నాడు. వానకాలం ఈదురుగాలి తలుపులోంచి సూటిగా కొడితే మంట అటూ ఇటూ ఊగి పొగ ఎదురు తిరుగుతది. కాస్త ఓరగా పెట్టమని సూచన. వాస్తు ప్రకారం ఆగ్నేయ మూలేమైందని అడిగేవారు ముందు తమ ఆగ్నేయంలో గడప ఉందో లేదో చూసుకోవాలి.

‘నోరు’ అని ఏకవచనం వాడి, కొలత చెప్పలేదు. ఇక్కడే ఇంటింటా గొడవ. నోరు చిన్నదైతే మంట లోపలే ఉండి గిన్నెను పట్టుకుంటది, కట్టె తక్కువ పడతది. పెద్దదైతే చల్లగాలి ఎక్కువ దూరి వేడి వృథా. శాస్త్రం ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఎల్లారెడ్డి దిక్కు జొన్నరొట్టె సంగతి శాస్త్రంలో లేదు. పెనం మీద కాలిన రొట్టెను నోటి దగ్గర నిప్పుల సెగకు నిలబెడితేనే పొంగుతది. చిన్న నోట్లో రొట్టె పట్టదు. మేస్త్రి మడమ తిప్పగానే అవ్వ కొడవలి మొనతో నోరు గీకి వెడల్పు చేస్తది, మరుసటి రోజు నుంచి పొగ. తప్పు అవ్వదని నేననను. రొట్టె అడక్కుండా నోరు కొలిచినవాడిది.

‘కొప్పు’లో శ్లేష. ఇంటిపరంగా వెన్నుగోడ మీది కప్పు నడినెత్తి. గొట్టం దానికన్నా పొట్టిగా ఉంటే కొప్పు దాటి వచ్చే గాలి కిందికి సుడి తిరిగి పొగను మళ్లీ గొట్టంలోకే నెడుతుంది. అందుకే పైన ఓ రెండడుగులు, ఆ పైన వాన పడకుండా టోపీ. ఇల్లాలిపరంగా, పొగ ఇంటి కొప్పు దాటకపోతే ఆమె కొప్పులో నిలుస్తుంది, కుంకుడుకాయకు కూడా పోదు. రెండర్థాలూ ఒకే గొట్టంతో తీరతాయి.

పెంకులు తీసి గొట్టం దింపే చోట వాసానికి ఆనకుండా ఖాళీ ఉంచాలనేది కవి హృదయం. ఆనిస్తే పొగతో పాటు ఇల్లు కూడా పైకి పోతది. మట్టి విషయం కవి ఎత్తలేదు, అందరికీ తెలుసని: ఎర్రమట్టి, ఊక, పేడ రాత్రంతా నానాలి, నీడన నిదానంగా ఆరాలి. తొందరపడి మంట పెడితే బీటలు. ప్రతి బీటా ఒక దొంగ గొట్టం. మొదటిసారి అంటించేటప్పుడు పాత పేపరు ఒకటి చుట్టి గొట్టం మొదట్లో మండించాలి. లోపల చల్లగాలి బరువుగా కూర్చుని ఉంటది, దాన్ని ముందు లేపనిదే పొగ ఎక్కదు. పేపరు మంట ‘భుస్’మని పైకి గుంజుకుపోతే మేస్త్రి మీసం దువ్వుతాడు.

ఈ శాస్త్రానికి మన దగ్గర ఆచార్యుడు లేకపోలేదు. హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు గారు కోట్లాది వంటిళ్లకు పొగ వదిలించే పొయ్యి మీద ఇంగ్లీషులో 1953లోనే పుస్తకం వేశారు. మంట ఒక గుంత కింద, దాని వేడి సొరంగంలోంచి వెనక గుంత కిందికి, మిగిలిన పొగ గొట్టంలోకి: ఇదే సూత్రం. వార్ధా నుంచి వచ్చిన మగన్ చూల్హాది కూడా ఇదే వంశం. అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందు చలిదేశంలో రమ్‌ఫర్డ్ దొర గోడపొయ్యి గొంతు ఇరుకు చేస్తే పొగ నిలవదని చెప్పాడు. దొర కష్టం చలి కాచుకోవడానికి, మన కష్టం కాగులో నీళ్లకు.

‘రెండు గిన్నెలు లేక’ అన్నది పద్యానికి ప్రాణం. పూర్వపక్షం: ఇంట్లో ఉన్నది ముసలోళ్లిద్దరే, ఒక్క గంజు చాలు కదా? సమాధానం: రెండో కన్ను తెరిచి ఉంటే గొట్టం అక్కడి గాలినే గుంజుతది, మొదటి కన్నులోని పొగకు దారి చెడుతది. వండేది లేకపోతే నీళ్ల కాగు పెట్టు, అదీ లేకపోతే మూత వెయ్యి. ఒక నవీన వ్యాఖ్యాత మాత్రం ఇది 2023 ఎన్నికల మాట అంటాడు. ముఖ్యమంత్రిగా ఉన్న కేసీఆర్, వెంటనే ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ కామారెడ్డిలో నిలబడి ఇద్దరూ ఓడారట కనుక. గిన్నెలు లేకపోతే పొగ అన్నాడు గానీ ఉంటే పొగ అనలేదు కవి. ఈ అర్థం పొసగదు.

‘పొగనె తినవలె’ అతిశయోక్తి అనుకుంటే పొరపాటు, స్వభావోక్తి. వంటింటి పొగ పసిపిల్లల నిమోనియాకు, ఆడవాళ్ల ఊపిరితిత్తుల జబ్బుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది.

అధ్యాహారము: నాలుగో పాదం తర్వాత ‘నెలకోసారి మసి దులపకపోతే’ అని చేర్చుకోవాలి. ఈ మాట కవి మింగాడు, సర్కారు కూడా మింగింది. 1983లో మొదలై 2002లో ఆగిపోయిన జాతీయ పొయ్యిల పథకం దేశమంతా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. పెట్టిన పొయ్యి లెక్కకెక్కింది, దులిపిన గొట్టం ఎక్కలేదు. తడికట్టె మసి గొట్టంలో గట్టిపడి సందు మూసుకుపోతే ఇల్లాలు ఇంకేం చేస్తది, గొట్టం పీకి పెరట్లో మూడు రాళ్లు వేసుకుంటది. దీనికి తోడు 1999లో దీపం, 2016లో ఉజ్వల అనే గ్యాసు పథకాలు, 2024లో ఐదొందల సిలిండరు వచ్చాయి. అయినా చేన్ల పత్తికట్టె, మక్క బెండ్లు ఊరికే దొరుకుతుంటే చలికాలం నీళ్లకు సిలిండరు ఎవరు ఖర్చు పెడతారు?

ఫలశ్రుతి కవి రాయలేదు. తాళపత్రం అంచున, అంటే సిమెంటు సంచి ముక్క మీద, వేరే చేతిరాతలో ఒక వాక్యం మాత్రం ఉంది: ‘గొట్టం గుంజినంకనే మిగతా పైసలు.’ ఇది ఇంటామె చేర్చిన ప్రక్షిప్తమని పండితుల అభిప్రాయం. మేస్త్రి దాన్ని ఇంతవరకు ఒప్పుకోలేదు.