ఎద్దు వైద్యం గుర్రానికి చేశాను

మా ఇంట్లో పశువైద్యం ఎవరూ చదువుకోలేదు, అయినా అందరికీ వచ్చు. కాడి ఒరిపిడికి ఎద్దు మెడ కమిలితే పసుపు, నూనె. పుండులో పురుగు పడితే సీతాఫలం ఆకు నూరిన పసరు, లేదంటే కలరా ఉండల పొడి. ఎంతకీ మానకపోతే మైలుతుత్తం. నర్మెట్ట చుట్టుపక్కల ఏ రైతింట్లో అడిగినా ఇవే చెప్తారు. తరాల తరబడి ఎడ్లతో, బర్రెలతో బతికిన ఊళ్లు మావి. ఆ తెలివి మీద నమ్మకంతోనే నేను గుర్రాన్ని కొన్నాను. ఆ నమ్మకమే దాన్ని జీవితాంతం కుంటిదాన్ని చేసింది.

జనగామ వైపు పెండ్లంటే ఇప్పుడు బరాత్ ఉండాల్సిందే. ముందు డీజే, వెనక గుర్రం మీద పెండ్లికొడుకు. మాఘంలో మొదలైతే జ్యేష్ఠం దాకా లగ్గాల సీజను. వ్యవసాయం చేతికి అందని ఏళ్లు చూసినవాణ్ని, ఇది నిలకడైన ఆదాయం అనిపించింది. తెల్లటి ఆడగుర్రం దొరికింది. మల్లి అని పిలుచుకున్నాం. ఉలవలు నానబెట్టి పెట్టేవాణ్ని, రోజూ మాలీసు చేసేవాణ్ని. దాన్ని ప్రేమగా చూసుకోలేదని నన్నెవరూ అనలేరు. ప్రేమ ఉంటే చాలనుకోవడమే నా తెలివితక్కువతనం.

మేతకు వదిలినప్పుడు చేను గట్టు మీది ముళ్లతీగలో వెనక కాలు ఇరికింది. గిట్టకు కాస్త పైన, కీలు పక్కన తెగింది. బొటనవేలు గోరంత గాయం. రక్తం దానంతట అదే ఆగింది. అదే తొడ మీద జానెడు పొడుగున తోలు లేచి, కండ కనపడి, రక్తం ధారకట్టి ఉంటే నేను హడలిపోయి డాక్టరుకు ఫోన్ చేసేవాణ్ని. ఆ గాయమైతే చాలావరకు మానేది కూడా. గుర్రం మోకాలి కింద కండ ఉండదు. తోలు, దాని కింద నరాల్లాంటి స్నాయువులు, ఆ కింద ఎముక, కీలు. అంతే. కాబట్టి గాయం ఎంత పెద్దదని కాదు, ఎక్కడ తగిలిందని చూడాలి. ఇది తెలియని నేను గాయం చిన్నదని సంతోషపడ్డాను.

మొదట మైలుతుత్తం చల్లాను. అది చెడిన కండతో పాటు కొత్తగా పుట్టే కండను కూడా కాల్చేస్తుంది. దాని మీద పసుపు, నూనె మెత్తాను. లోపల ఏం జరుగుతోందో ఇక ఎవరికీ కనపడకుండా పోయింది. పైన పాత ధోవతి చించి చుట్టి, ఊడిపోకుండా సుతిల్ తాడుతో బిగించాను. కింద దూది మందంగా పరవకుండా గుర్రం కాలికి కట్టు బిగిస్తే నెత్తురు ఆడదు, స్నాయువు దెబ్బతింటుంది. నేను చేసిన వాటిలో ఒక్కటి కూడా ఆ కాలికి మేలు చేయలేదు.

ఇంతకన్నా చెప్పడానికి కష్టమైనది తర్వాత జరిగింది. ఒక పెండ్లికి బయానా తీసుకుని ఉన్నాను. మల్లి నడుస్తోంది, మేస్తోంది. కానీ ఆ కాలు మీద బరువు పూర్తిగా మోపడం లేదు, నిలబడ్డప్పుడు గిట్ట కొస మాత్రమే నేలకు ఆనిస్తోంది. నేను చూడలేదని అబద్ధం చెప్పను. చూశాను. చూసి, కళ్లకు గంతలు, మెడకు పూలదండ వేసి, డీజే వెనక తారురోడ్డు మీద పొద్దుపోయే దాకా నడిపించాను. గుర్రం వేటకు గురయ్యే జంతువు. నొప్పిని దాచుకుంటేనే బతుకుతుందని దాని పుట్టుకలోనే ఉంది. అది నోరెత్తకపోవడాన్ని నేను ఓర్పు అనుకున్నాను.

కట్టు విప్పినప్పుడు గాయంలోంచి లేత పసుపు నీరు కారుతోంది. వేళ్ల మధ్య పట్టి చూస్తే గుడ్డు తెల్లసొనలా తీగ సాగింది. సొన కారుతోంది, లోపలి చెడంతా పోతోంది, ఇక మానుతుంది అని ఇంట్లో చెప్పాను. ఎడ్ల పుండ్లు అట్లాగే మానడం చూసినవాణ్ని మరి. మల్లి ఉలవల గంప ముట్టనప్పుడు గాని జనగామ డాక్టరుకు ఫోన్ చేయలేదు.

ఆయన రాగానే గాయం ముట్టలేదు. ముందు ఒళ్లు వేడి చూశారు. తర్వాత కాసేపు నడిపించమన్నారు.

"ఎప్పుడు తాకిందన్నా?"

చెప్పాను.

"మరి అప్పుడే ఎందుకు పిలవలే?"

"చిన్న దెబ్బనే కదా అనుకున్న, డాక్టర్ సాబ్."

ఆయన నన్ను తిట్టలేదు. గాయానికి దూరంగా, కీలు రెండో పక్క వెంట్రుకలు గొరిగి, శుభ్రం చేసి, సూదితో కీలులోకి సెలైన్ ఎక్కించారు. ఆ సెలైన్ గాయం నోట్లోంచి బయటికి వచ్చింది. కీలు తెరుచుకుపోయిందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. నేను సొన అనుకున్నది కీలును కదిలించే చమురు. ముల్లు వెంట లోపలికి పోయిన సూక్ష్మజీవులు అప్పటికే ఎముకల చివర్లున్న నున్నటి పొరను తినేస్తున్నాయి. మొదటి రోజే అయితే కీలు కడిగి, మందులిచ్చి కాపాడే వీలుండేదన్నారు. ఇట్లాంటి గాయానికి లెక్క గంటల్లోనే ఉంటుంది.

ధనుర్వాతం టీకా వేయించావా అని కూడా అడిగారు. లేదన్నాను. ఆ ప్రశ్న ఎంత పెద్దదో తర్వాత తెలిసింది. ధనుర్వాతం సూక్ష్మజీవి మట్టిలో, గుర్రపు పెండలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఎద్దు దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. పెంపుడు పశువుల్లో దానికి అన్నిటికంటే తేలిగ్గా బలయ్యేది గుర్రం. సోకినవాటిలో సగానికి పైగా చనిపోతాయి. నడక కర్రలా బిగుసుకోవడం, తోక లేచి నిలవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, కంటి లోపలి మూల నుంచి మూడో రెప్ప అడ్డంగా రావడం, చివరికి దవడ బిగుసుకుపోవడం దాని గుర్తులు. ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. 1890లో బెహ్రింగ్, కిటసాటో ధనుర్వాతానికి విరుగుడు సీరం కనిపెట్టాక, మనుషులకు ఇవ్వడానికి దాన్ని దశాబ్దాల పాటు తీసింది గుర్రాల రక్తం నుంచే. మన పత్తి చేలలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర కాటేస్తే ఆసుపత్రిలో ఎక్కించే మందు ఈరోజుకీ గుర్రాల రక్తంలోంచే వస్తుంది. అట్లాంటి జంతువుకు నేను ఒక్క టీకా వేయించలేదు.

ఇది నా ఒక్కడితో మొదలైన అజ్ఞానం కాదు. కాకతీయుల కాలంలో దక్షిణ తీరాన తిరిగిన మార్కో పోలో, మోటుపల్లి రాజ్యం గురించి రాసినవాడే, తమిళ తీరంలోని మాబార్ గురించి ఒక మాట రాశాడు. అక్కడి రాజులు ఏటా హొర్ముజ్, ఏడెన్ల నుంచి వేల గుర్రాలు కొనేవారట. వాటికి వైద్యం తెలిసినవాళ్లు లేక ఏడాది తిరిగేసరికి చాలావరకు చచ్చేవట. గుర్రాలమ్మే వర్తకులు తమ బేరం పోతుందని వైద్యులను అటు రానిచ్చేవారు కాదట. ఆనాడు వైద్యుణ్ని రానివ్వనిది వర్తకులు. నా గుర్రానికి వైద్యుడు రాకుండా అడ్డుపడింది నేనే. ఫోన్ జేబులోనే ఉంది. 2017లోనే మన రాష్ట్రంలో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు కూడా వచ్చాయి.

మల్లి బతికింది. కీలు బిగుసుకుపోయింది. ఇక పెండ్లికొడుకును మోయలేదు. అమ్మితే ఎక్కడికి పోతుందో తెలుసు కాబట్టి అమ్మలేదు.

గుర్రాలు పెట్టుకున్న అన్నలకు, తమ్ములకు చెప్పుకుంటున్నాను. దెబ్బ తగిలితే మొదట శుభ్రమైన బట్ట మడిచి గట్టిగా అదిమిపట్టండి, మాటిమాటికీ తీసి చూడకండి. రక్తం ఆగాక కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి మెల్లగా కడగండి. పసుపు, సున్నం, మైలుతుత్తం, టర్పెంటైన్ ఏదీ పెట్టకండి. గిట్టలో మేకు దిగితే మీరు పీకకండి, అది ఎటు, ఎంత లోతు పోయిందో డాక్టరు చూడాలి. కుట్లు వేయాల్సిన గాయమైతే పూటలోపే వేయించాలి. రక్తం ఆగకపోయినా, గాయం కీలు దగ్గరున్నా, ఎముక కనపడినా, గాయానికి మించి కుంటుతున్నా, ఒళ్లు వేడి 101.5 డిగ్రీలు దాటినా తెల్లారేదాకా ఆగకండి. సీజనుకు ముందే ధనుర్వాతం టీకా వేయించండి. మీ మండల పశువైద్యుడి నంబరు ఫోన్‌లో ఈరోజే దాచుకోండి. బరాత్‌కు గుర్రం మాట్లాడుకునేవాళ్లు కూడా ఎక్కేముందు దాన్ని నాలుగడుగులు నడిపించి చూడండి. కుంటుతుంటే బయానా వదులుకోండి గాని ఎక్కకండి.