ఒంటి బ్రేకు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఫ్రీవీల్ లేని సైకిలును ఫిక్సీ అంటారు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళు తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాల్సిందే. దిగుడులో కాళ్ళు ఆపి గాలి పీల్చుకునే భోగం ఇందులో లేదు. గేరు ఒక్కటే. సైకిలు పందేలకు కట్టిన వెలోడ్రోముల్లో నేటికీ ఇదే వాహనం. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో వీథుల్లో కొరియరు కుర్రాళ్ళ పుణ్యమా అని బయటి లోకానికీ తెలిసింది. దీన్ని కొనబోతూ ఒక శిష్యుడు గురువుగారిని రెండు ప్రశ్నలడిగాడు: ఎన్ని పళ్ళు వేయించాలి, ఎన్ని గ్రాములు తీయించాలి? గురువుగారు ఒక్క ఆటవెలదిలో జవాబు చెప్పేసి కాఫీకి లేచారు. కోలాచలం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న మహానుభావుడు. మాకు అలాంటి ఒట్టేమీ లేదు.

మూలం

పళ్ళ లెక్క ముందు పదిమార్లు పరికించి
చైను బిగువు చూచి చక్ర మునిచి
వేగ మనుచు నొంటి బ్రేకు తీసినవాడు
రోడ్డు మలుపు వద్ద రూఢి కెక్కు.

ప్రతిపదార్థం

పళ్ళ లెక్క = ముందు చైన్‌రింగుకూ వెనక కాగ్‌కూ గల పళ్ళ సంఖ్యను; ముందు = డబ్బు చెల్లించక మునుపే; పదిమార్లు పరికించి = కాగితం మీద భాగహారం చేసి చూసుకుని; చైను బిగువు చూచి = చైను మధ్యలో వేలితో ఎత్తి దించి; చక్రము ఉనిచి = వెనక చక్రాన్ని గాడిలో జరిపి నట్లు బిగించి (ఇంతవరకూ బుద్ధిమంతుడే); వేగము అనుచున్ = గ్రాము తగ్గితే వేగం పెరుగుతుందని వాదిస్తూ; ఒంటి బ్రేకు = ఉన్న ఒక్కగానొక్క ముందు బ్రేకును; తీసినవాడు = ఊడబెరికినవాడు; రోడ్డు మలుపు వద్ద = లారీ ఎదురయ్యే చోట; రూఢికి ఎక్కున్ = నలుగురి నోళ్ళలో పడతాడు.

తాత్పర్యం

పళ్ళు ఎంచడంలో తెలివి చూపినవాడు గ్రాములు ఎంచడంలో దాన్ని పోగొట్టుకుంటాడు.

టీక

పళ్ళ లెక్క: ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగిస్తే వచ్చేది నిష్పత్తి. ముందు 48, వెనక 16 అయితే 3. దాన్ని చక్రం వ్యాసం 27 అంగుళాలతో హెచ్చవేస్తే 81 ‘గేర్ ఇంచులు’. ఎత్తయిన ముందు చక్రానికే పెడళ్ళు బిగించి తొక్కిన పాతకాలపు సైకిళ్ళ నుంచి వచ్చిన కొలత ఇది. 81 అంటే, 81 అంగుళాల చక్రం మీద కూర్చుని తొక్కినట్టన్నమాట. మీటర్లలో కావాలంటే, చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు గనక పెడలు ఒక్క చుట్టుకు సైకిలు 6.3 మీటర్లు పోతుంది. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 34 కిలోమీటర్లు.

ఇంతవరకూ శిష్యుడికి ఆనందమే. దిగుడు వచ్చినప్పుడు చూడాలి. అదే గేరులో సైకిలు గంటకు 50 కిలోమీటర్లు అందుకుంటే కాళ్ళు నిమిషానికి 132 చుట్లు తిరగాలి, 60 అందుకుంటే దాదాపు 160. మనం తిప్పడం కాదు, సైకిలే మన కాళ్ళను తిప్పుతుంది. పోనీ గేరు పెద్దది వేద్దామంటే, బంజారాహిల్స్ ఎక్కేటప్పుడు మోకాళ్ళు మొరాయిస్తాయి. ఎక్కుడూ దిగుడూ కలిసిన ఊళ్ళో 2.7కూ 2.9కూ మధ్య ఉండడం మేలని మా మతం.

‘పదిమార్లు’ అనడం ఎందుకంటే, నిష్పత్తి ఒకలాగే కనిపించినా ఫలితం వేరుగా ఉంటుంది గనక. ఫిక్సీవాడు కాళ్ళతోనే సైకిలు ఆపాలంటే, ఒంటిని హ్యాండిలు మీదికి వాల్చి, వెనక చక్రం మీది బరువు తేల్చి, పెడళ్ళను ఒక్కసారి నిలేస్తాడు. చక్రం ఆగుతుంది, సైకిలు ఆగదు. టైరు రోడ్డుకు రాసుకుంటూ జారుతుంది. ప్రతిసారీ అలవాటైన కాలే ముందుంటుంది. 48/16 లో పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం సరిగ్గా మూడు చుట్లు. కాలు అదే చోటికి వచ్చేసరికి టైరూ అదే చోటికి వస్తుంది. ఎన్నిసార్లు జారినా అరిగేది ఒకే మచ్చ. మిగతా టైరంతా కొత్తపెళ్ళికొడుకులా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ బెత్తెడు మేర మాత్రం రబ్బరు పోయి, నేత దారాలు పైకి తేలి, ఒకనాటికి ట్యూబు తొంగిచూస్తుంది.

విరుగుడు: నిష్పత్తిని భిన్నంగా రాసి, కుదించగలిగినంత కుదించండి. కింద మిగిలిన అంకె ఎంతో మచ్చలు అన్ని. 48/16 కుదిస్తే 3/1, ఒకటే మచ్చ. 46/16 కుదిస్తే 23/8, ఎనిమిది. 48/17 కుదించడం కుదరదు, కనక పదిహేడు. పై అంకె బేసి అయి, తొక్కేవాడు రెండు కాళ్ళలో ఏదైనా ముందుపెట్టి జారగల సవ్యసాచి అయితే మచ్చలు రెట్టింపు: 49/17 వేసుకున్నవాడి టైరు 34 చోట్ల పంచుకుని అరుగుతుంది. ఆ నిష్పత్తి 2.88, అంటే 48/16 కన్నా కొంచెమే తేలిక, నిమిషానికి 90 చుట్లకు 32.7 కిలోమీటర్లు. 17 ప్రధాన సంఖ్య కావడమే ఇందులో మహిమ. అయితే 17 అన్నారు కదా అని ముందు 51 వేయించుకుంటే మళ్ళీ సరిగ్గా 3. దుకాణంలో ఎవరూ ఇది చెప్పరు. టైర్లు అమ్మేదీ వాళ్ళే.

42/14 కూడా 3 కదా, చిన్న పళ్ళ చక్రాలు తేలిక కదా అని ఒక శంక. తేలికే. కాని పళ్ళు తగ్గినకొద్దీ ఒక్కో పంటి మీద భారం పెరుగుతుంది, చైను మరీ వంగి తిరగాలి, రాపిడి ఎక్కువ, అరుగుదల త్వరగా. మిగిల్చిన గ్రాములకు కొత్త కాగ్ రూపంలో వడ్డీ కట్టాలి.

చైను బిగువు: చైను ఎక్కడా వేలాడకూడదు, ఎక్కడా తీగలా బిగుసుకోకూడదు. చైన్‌రింగు అచ్చంగా గుండ్రంగా ఉండదు గనక పెడలు నెమ్మదిగా తిప్పుతూ అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటు పట్టుకోవాలి. అక్కడ వేలితో ఎత్తితే అర అంగుళం ఆడితే చాలు. ఫిక్సీలో చైను ఊడితే కాళ్ళకు చక్రం మీద పట్టు పోతుంది. ఊడిన చైను చక్రంలో ఇరుక్కుంటే అది ఎక్కడ ఆపాలనుకుంటే అక్కడే ఆపుతుంది.

వేగ మనుచు: ఇక్కడ గ్రాములవాదుల పూర్వపక్షం. 1972 అక్టోబరులో మెక్సికో సిటీలో ఎడీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. గేరు 52/14, నిమిషానికి నూరు చుట్లు దాటించాడు. ఎర్నెస్టో కొల్నాగో కట్టిన ఆ సైకిలు బరువు 5.75 కిలోలు. బరువు తగ్గించడానికి చైనుకు కూడా బెజ్జాలు పొడిచారు. చూశారా, అంటారు గ్రాములవాదులు.

చూశాం. మిగతా కథ కూడా చూడాలి. క్రిస్ బోర్డ్‌మన్ 1996లో చేతులు ముందుకు చాచి, గాలిని చీల్చే భంగిమలో 56.375 కిలోమీటర్లు తొక్కాడు. తరవాత అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నియమాలు మార్చి, మెర్క్స్ కాలపు మాదిరి సైకిలు మీదే తొక్కాలంది. 2000లో అదే బోర్డ్‌మన్ మాంచెస్టర్‌లో అలాగే తొక్కితే వచ్చింది 49.441. అంటే మెర్క్స్ కన్నా సరిగ్గా పది మీటర్లు ఎక్కువ. మెక్సికో సిటీ పల్చని గాలి మాంచెస్టర్‌లో లేదు, నిజమే. అయినా ఒకే మనిషికి ఇన్ని కిలోమీటర్లు తేడా తెచ్చింది ప్రధానంగా గాలి, బెజ్జాలు కావు.

లెక్క వేస్తే ఇంకా స్పష్టం. 70 కిలోల మనిషి, 8 కిలోల సైకిలు. ఏదో టైటానియం ముక్కకు వేలు పోసి 100 గ్రాములు తగ్గించాడనుకుందాం. మొత్తంలో అది 0.13 శాతం. ఎక్కుడులో అంతే లాభం, చదునులో అంతకూడా లేదు. పొద్దున రెండు ఇడ్లీలు మానినా అంతే. అయితే చక్రం అంచున ఉన్న బరువుకు ఒక విశేషముంది: వేగం పుంజుకునేటప్పుడు అది దాదాపు రెట్టింపు లెక్కకు వస్తుంది. అందుచేత డబ్బులుంటే రిమ్ములకూ టైర్లకూ ట్యూబులకూ పెట్టాలి. చైన్‌రింగు బోల్టులు ఐదూ మార్చి మురిసిపోయేవాడు పాపం, తూకం యంత్రంతోనే పందెం వేస్తున్నాడు. జపానులో 1948లో కోకురాలో మొదలైన కైరిన్ పందేల్లో కోట్ల డబ్బు చేతులు మారుతుంది. అయినా మగవాళ్ళ మామూలు పందేల్లో ఫ్రేములు నేటికీ ఉక్కువే.

ఒంటి బ్రేకు: ‘ఒంటి’లోని టి తరవాత బ్రే వచ్చింది గనక టి గురువై గణం చెడిందని కొందరంటారు. తెలుగులో పరపదం మొదటి సంయుక్తానికి అంత బలం లేదు. ముందు బ్రేకుకు మాత్రం బలముంది. ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రం తేలిపోయి పట్టు తప్పుతుంది. కాబట్టి ఎంత నేర్పుగా జారినా, ముందు బ్రేకు నొక్కినవాడి కన్నా చాలా దూరం పోయి ఆగుతాడు. బ్రిటన్‌లో చట్టం ఫిక్సీ వెనక చక్రాన్ని ఒక బ్రేకుగా లెక్కగట్టి, ముందు బ్రేకు తప్పనిసరి అంటుంది. బ్రేకు లేకుండా తొక్కాలన్న సరదా ఉంటే అందుకు వెలోడ్రోములున్నాయి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఒకటుంది. అక్కడ ఎదురుగా ఆటో రాదు.

రోడ్డు మలుపు వద్ద: మలుపులో సైకిలు వాలుతుంది. మామూలు సైకిలువాడు లోపలి పెడలు పైకెత్తి నిలుపుకుంటాడు. మనవాడి పెడలు నిలవదు, నేలకు తగులుతుంది, వెనక చక్రం గాలిలోకి లేస్తుంది. అందుకే పెడలు మోసే క్రాంకు పొట్టిగా, 165 మిల్లీమీటర్లది, చాలామంది ఎంచుకుంటారు. స్పీడు బ్రేకరు మీద కూడా తొక్కుతూనే దాటాలి.

మూలంలో లేనివి రెండు. కాగ్ మీద బిగించే లాక్‌రింగు మర ఎడమవైపుది. కాళ్ళతో వెనక్కు నొక్కినప్పుడు కాగ్ విప్పుకోబోతే లాక్‌రింగు ఇంకా బిగుసుకుంటుంది. తేలిక కోసం దాన్ని మానకండి. ఇక కాగ్ కొనబోయే ముందు ఇంట్లో ఉన్న చైను వెడల్పు చూసుకోండి: 1/8 అంగుళం చైను 3/32 కాగ్ మీద నడుస్తుంది, 3/32 చైను మాత్రం 1/8 కాగ్ మీద కూర్చోదు.